మెత్తని దానికి గట్టి తొడుగు



మా బడి వరండాలో ఒక నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ ఉండేది. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ఎండంతా దాని మీదే పడేది. దాన్ని లోపల పెట్టించాలని నాకు ఎన్నోసార్లు అనిపించింది గాని, "రేపు చూద్దాంలే" అనుకుంటూ మూడు నాలుగేళ్ళు గడిపేశాను. ఒకరోజు మంచినీళ్ళ కుండలు నింపి అలసిపోయిన మా ఆయమ్మ ఆ కుర్చీలో కూర్చుంది. ఫట్‌మని చప్పుడైంది. కుర్చీ కాలు గాజులాగా విరిగింది. ఆమె చెయ్యి ఆనించి పడింది. మణికట్టు ఎముక విరిగి, ఆరు వారాలు పిండికట్టుతో ఉండవలసి వచ్చింది.

మర్నాడు తొమ్మిదో తరగతి పిల్లలు ఆ విరిగిన కాలు ముక్కను తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "మాస్టారూ! కొత్త కుర్చీ కాలు నొక్కితే వంగుతుంది గాని విరగదు. ఇదెందుకు పుటుక్కున విరిగింది? లోపల చూడండి, ప్లాస్టిక్ కొత్తదానిలాగే ఉంది!" అన్నారు.

చూశాను. వాళ్ళు చెప్పింది నిజమే. లోపలి భాగం నిగనిగలాడుతూ నీలంగానే ఉంది. పైన, గోటి మందం కూడా లేని పొర మాత్రం తెల్లగా పాలిపోయి, నిండా సన్నని గీతలు పడి ఉంది. అంత పలచని పొర అంత లావు కాలిని ఎలా విరగగొట్టింది?

ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే మెత్తని వస్తువు మీద గట్టి పూత ఉంటే ఏమవుతుందో మొదటినుంచి తెలుసుకోవాలి. రండి, చూద్దాం.

బిరుసు వేరు, పెళుసు వేరు

మనం మామూలుగా "గట్టిది" అనేస్తాం. కాని ఆ ఒక్క మాటలో రెండు మూడు సంగతులు కలిసిపోయి ఉంటాయి. వంచడానికి, సాగదీయడానికి ఎక్కువ బలం కావాలంటే ఆ వస్తువు బిరుసుగా ఉందన్నమాట. కొంచెం వంచగానే ముక్కలైపోతే అది పెళుసుది. ఉక్కు బద్ద బిరుసుదే గాని పెళుసుది కాదు. వేయించిన అప్పడం మాత్రం బిరుసూ, పెళుసూ రెండూను.

బిరుసుతనాన్ని కొలవడానికి శాస్త్రజ్ఞులు యంగ్ గుణకం అనే సంఖ్యను వాడతారు. ఇంగ్లండుకు చెందిన థామస్ యంగ్ (1773-1829) పేరు మీద దానికి ఆ పేరు వచ్చింది. ప్రతిబలాన్ని వికృతితో భాగిస్తే అది వస్తుందని మీరు పాఠంలో చదివే ఉంటారు. ఉక్కు యంగ్ గుణకం మెత్తని రబ్బరు గుణకానికి సుమారు లక్ష రెట్లు ఉంటుంది. కాబట్టి ఒక మెత్తని వస్తువు మీద బిరుసైన పూత వేస్తే, పక్కపక్కనే ఉన్న ఆ రెండు పొరలకు వేల రెట్ల తేడా ఉండవచ్చు. అసలు కథంతా ఆ తేడాలోనే ఉంది.

గంజి చేసే మేలు

ఇలాంటి పూత మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది. అదే గంజి. ఉతికిన నూలు చీరను గంజిలో ముంచి ఆరవేస్తే ఏమవుతుంది? గంజిలోని పిండిపదార్థం దారాల చుట్టూ సన్నని పొరలా ఆరిపోయి, నూలుపోగులను ఒకదానికొకటి అంటిస్తుంది. మెత్తగా జారిపోయే బట్ట బిరుసుగా నిలబడుతుంది. చేనేత పనివారు నేతకు ముందే పడుగు నూలుకు గంజి పట్టిస్తారు. పోగు నూగు లేవకుండా, రాపిడికి తెగకుండా ఆ పూత కాపాడుతుంది. పూత బరువు చాలా తక్కువే. కాని చేసే పని చాలా ఎక్కువ. ఎందుకని?

ఒక స్పాంజి బద్దను తీసుకుని వంచి చూడండి. వంపుకు బయటివైపు ఉన్న భాగం సాగుతుంది. లోపలివైపు భాగం నొక్కుకుపోతుంది. సరిగ్గా నడుమ ఉన్న పొర సాగదు, కుదించుకోదు. అంటే వంచేటప్పుడు పనంతా పై అంచు, కింది అంచులే చేస్తున్నాయి. నడుమ భాగం దాదాపు ఊరికే కూర్చుని ఉంటుంది!

కాబట్టి బిరుసైన పదార్థం కొంచెమే ఉంటే దాన్ని ఎక్కడ పెట్టాలి? అంచుల్లోనే పెట్టాలి. చిన్న లెక్క చూడండి. 10 మిల్లీమీటర్ల మందం ఉన్న మెత్తని బద్ద ఒకటి ఉందనుకోండి. దానికంటే 100 రెట్లు బిరుసైన పదార్థం 1 మిల్లీమీటరు మందం మన దగ్గర ఉంది. దాన్ని బద్ద నడుమ పెట్టి అంటిస్తే, వంగకుండా నిలిచే శక్తి సుమారు ఒకటిన్నర రెట్లు అవుతుంది. అదే పదార్థాన్ని రెండు పొరలుగా చీల్చి, పైన అర మిల్లీమీటరు, కింద అర మిల్లీమీటరు అంటిస్తే ఆ శక్తి సుమారు 34 రెట్లు అవుతుంది! బద్ద తగినంత పొడవుగా ఉండి, అంటు జారకుండా ఉంటే ఈ లెక్క సరిపోతుంది. పదార్థం అదే, బరువు అదే. మారింది చోటు మాత్రమే.

మీరే చేసి చూడండి

ఒక అడుగు పొడవు, రెండు అంగుళాల వెడల్పు, అర అంగుళం మందం ఉండేలా మూడు స్పాంజి బద్దలు కోయండి. మొదటి దాన్ని అలాగే ఉంచండి. రెండోదానికి ఒకవైపు మాత్రమే, మూడోదానికి రెండువైపులా గట్టి డ్రాయింగు కాగితం అంటించండి. మైదాపిండి ఉడికించిన జిగురు చాలు. ఒకరోజు బాగా ఆరనివ్వండి. తరువాత రెండు పుస్తకాల దొంతరల మీద వంతెనలా ఒక్కొక్క బద్దను పెట్టి, నడుమ రూపాయి బిళ్ళలు ఒక్కొక్కటే పేర్చండి. ఎన్ని బిళ్ళలకు ఎంత కిందికి వంగిందో స్కేలుతో కొలిచి పట్టిక రాయండి.

రెండువైపులా కాగితం ఉన్న బద్ద ఎక్కువ బరువు మోస్తుంది. ఒకవైపే కాగితం ఉన్న బద్దను కాగితం కిందికి వచ్చేలా ఒకసారి, పైకి వచ్చేలా ఒకసారి పెట్టి చూడండి. పైన ఉన్నప్పుడు బరువు ఎక్కువైతే కాగితం మీద అడ్డంగా ముడతలు లేస్తాయి. ఆ ముడతలను గుర్తుపెట్టుకోండి. వాటి సంగతి ముందు వస్తుంది.

వెదురు నుంచి విమానం దాకా

ప్రకృతికి ఈ కిటుకు ఏనాడో తెలుసు. వెదురుబొంగును అడ్డంగా కోసి చూడండి. బలమైన నారపోగులు బయటి అంచు దగ్గర దట్టంగానూ, లోపలికి వచ్చేకొద్దీ పలచగానూ ఉంటాయి. గాలికి వంగేటప్పుడు భారం పడేది బయటి అంచు మీదనే కదా!

మనిషి కూడా దాన్నే నేర్చుకున్నాడు. 1940 నవంబరు 25న ఇంగ్లండులో ద హావిలాండ్ కంపెనీ వారి మస్కిటో విమానం మొదటిసారి ఎగిరింది. దాని మొండెం బెండులాంటి తేలికైన బాల్సా కర్రతో చేసి, లోపలా వెలుపలా బిర్చి చెట్టు ప్లైవుడ్డు పలకలు అంటించారు. నడుమ మెత్తన, పైన బిరుసు. ఆ రోజుల్లో అది చాలా వేగంగా ఎగిరే విమానాలలో ఒకటి.

మీ నాన్నగారి హెల్మెట్టు చూడండి. లోపల థర్మోకోల్ లాంటి మెత్తని పదార్థం, పైన గట్టి చిప్ప. ఉత్త థర్మోకోల్ మీద కంకరరాయి కొన తగిలితే అక్కడే లోతుగా గుంట పడుతుంది. పైన చిప్ప ఉంటే ఆ దెబ్బను చాలా మేరకు పరుస్తుంది. అప్పుడు కింద ఉన్న మెత్తని పదార్థం ఒక్కచోట కాక విశాలంగా నలిగి, దెబ్బ వేగాన్ని తినేస్తుంది. చిప్ప ఒక్కటే ఉన్నా చాలదు, మెత్తన ఒక్కటే ఉన్నా చాలదు. ఒకసారి పెద్ద దెబ్బ తిన్న హెల్మెట్టు పైకి బాగానే కనిపించినా లోపల నలిగి ఉంటుంది. దాన్ని మళ్ళీ వాడకూడదు.

మా ఆయమ్మ పిండికట్టు కూడా ఇదే కోవలోది. పలచని గుడ్డకు పట్టించిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీటితో కలిసి జిప్సంగా గట్టిపడుతుంది. చేతి చుట్టూ బిరుసైన గొట్టంలా నిలబడి, ఎముక అతికేదాకా కదలనివ్వదు. ఉత్త ప్లాస్టర్ పెళుసుది. లోపల గుడ్డ ఉండబట్టే ముక్కలుగా రాలిపోదు.

ముడతలకూ ఒక లెక్క ఉంది

ఇప్పుడు ముడతల సంగతి. వాడిపోయిన వంకాయను, ఎండుద్రాక్షను చూశారు కదూ? లోపలి గుజ్జులో నీరు ఆవిరై తగ్గిపోతుంది. పై తొక్క అంతగా తగ్గదు. చిన్నదైన లోపలి భాగం మీద పెద్ద తొక్క ఇమడాలంటే ముడతలు పడక తప్పదు. కాచిన పాల మీద మీగడను చెంచాతో పక్కకు నెట్టినా ముడతలు లేస్తాయి.

గమనించండి, ముడతలు ఎలాబడితే అలా రావు. ఒకదానికొకటి దాదాపు సమాన దూరంలో ఉంటాయి. ఆ దూరాన్ని ఎవరు నిర్ణయించారు? ఇద్దరి మధ్య బేరం నిర్ణయించింది! బిరుసైన పై పొరకు గట్టిగా వంగడం ఇష్టం లేదు. అందుకని అది పెద్ద పెద్ద అలలు కావాలంటుంది. కింద ఉన్న మెత్తని పదార్థమో, పెద్ద అల వస్తే లోతు దాకా సాగవలసి వస్తుందని చిన్న అలలు కావాలంటుంది. రెండిటికీ కుదిరిన రాజీయే మనకు కనిపించే తరంగదైర్ఘ్యం.

లెక్క ఇలా ఉంటుంది. పై పొర కింది పదార్థం కంటే ఎన్ని రెట్లు బిరుసుదో ఆ సంఖ్యను 3తో భాగించండి. దాని ఘనమూలం కనుక్కోండి. దాన్ని 2πతోనూ, పొర మందంతోనూ గుణించండి. ఉదాహరణకు పై పొర 3000 రెట్లు బిరుసుదనుకుందాం. 3000ను 3తో భాగిస్తే 1000. దాని ఘనమూలం 10. అంటే ముడతల మధ్య దూరం పొర మందానికి సుమారు 63 రెట్లు. పొర మందం మిల్లీమీటరులో పదో వంతు అయితే, ముడతలు సుమారు 6 మిల్లీమీటర్ల దూరంలో వస్తాయి. పాల మీద మీగడకు మాత్రం ఈ లెక్క సరిపోదు. కింద ఉన్నది ద్రవం కాబట్టి, అక్కడ అలలు లేవకుండా ఆపేది పాల బరువు.

ఈ సంగతి వినోదానికే కాదు, పనికి కూడా వచ్చింది. 1998లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో జార్జి వైట్‌సైడ్స్, ఆయన సహచరులు వేడి చేసిన సిలికోన్ రబ్బరు మీద అతి పలచని బంగారు పూత వేసి చల్లారనిచ్చారు. రబ్బరు ఎక్కువగా కుదించుకుపోయింది, బంగారం అంతగా కుదించుకోలేదు. పూతంతా చక్కని అలలు లేచాయి. 2004లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ శాస్త్రజ్ఞులు దీన్ని తిరగవేశారు. ముడతల దూరం కొలిచి, దాన్నుంచి పలచని పొర ఎంత బిరుసుగా ఉందో లెక్కకట్టారు. చేత్తో పట్టుకోవడానికి కూడా వీలుకాని పొరలను కొలవడానికి ఇది మంచి ఉపాయం. 2006లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో జాన్ రోజర్స్ బృందం రబ్బరు మీద సిలికాన్ పట్టీలను అలలుగా నిలిపింది. పెళుసైన సిలికాన్ ఆ అలల వల్ల విరగకుండా సాగగలిగింది.

పై పగులు లోపలికి దిగితే

పై పొరను నొక్కితే ముడత పడుతుంది. సాగదీస్తే? బాగా సాగగలిగితే సాగుతుంది. పెళుసుదైతే పగులుతుంది. ఊదని బుడగ మీద పోస్టరు రంగు పూసి, ఆరాక ఊది చూడండి. రంగు బీటలువారిన చెరువులా ముక్కలవుతుంది. బుడగకు ఏమీ కాదు. ఎందుకంటే రంగు రబ్బరును గట్టిగా పట్టుకోలేదు. పగులు రబ్బరు దాకా వచ్చి, లోపలికి దిగకుండా పక్కకు తిరుగుతుంది. రంగు పెచ్చుగా ఊడుతుంది.

కాని పై పొర లోపలి పదార్థంతో ఒక్కటిగా అతుక్కుని ఉంటే పగులు పక్కకు తిరగదు. తిన్నగా లోపలికి దిగుతుంది. మిక్స్చరు పొట్లం చింపలేక, పంటితో చిన్న గాటు పెట్టి సర్రున చింపుతారు కదా? గాటు కొన దగ్గర బలమంతా పోగవుతుంది. 1913లో ఇంగ్లిస్ అనే బ్రిటిష్ ఇంజనీరు దీన్ని లెక్కకట్టి చూపించాడు. లాగే పలకలో గుండ్రని రంధ్రం ఉంటే, దాని అంచున ప్రతిబలం 3 రెట్లు అవుతుంది. లాగే దిక్కుకు అడ్డంగా, పొడవు వెడల్పుకు 10 రెట్లున్న సన్నని దీర్ఘవృత్తాకారపు రంధ్రం ఉంటే, దాని కొనల దగ్గర 21 రెట్లు అవుతుంది! కొన ఎంత వాడిగా ఉంటే అంత ప్రమాదం.

మామూలుగా సాగే ప్లాస్టిక్కులో పగులు మొదలైతే, దాని కొన దగ్గర ప్లాస్టిక్ సాగి, ఆ కొన మొద్దుబారుతుంది. ప్రమాదం తగ్గుతుంది. కాని పెళుసు పొరలో పుట్టిన పగులు కత్తిమొనలా వాడిగా, వేగంగా పరుగెత్తుకొస్తుంది. లోపలి ప్లాస్టిక్కుకు సాగి మొద్దుబారే వ్యవధి ఉండదు. అందుకని సాగే గుణం ఉన్న పదార్థం కూడా గాజులా విరుగుతుంది.

మా కుర్చీకి జరిగింది ఇదే. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి ప్లాస్టిక్కులోని పొడవైన అణువుల గొలుసులను తెంచుతాయి. ఆ కిరణాలూ, ఆక్సిజనూ లోపలికి ఎక్కువగా చొరలేవు కాబట్టి పై పొరే పాడవుతుంది. అది కుదించుకుని, బిరుసెక్కి, పెళుసవుతుంది. ఎవరూ పూయని పూత! దాన్ని ఎండే పూసింది.

నేను విరిగిన కాలి ముక్క నుంచి మూడు బద్దలు కోయించి, పిల్లలను దూరంగా నిలబెట్టి, పాత గుడ్డ చుట్టి వంచి చూపించాను. మొదటి బద్దను పాలిపోయిన వైపు బయటికి వచ్చేలా, అంటే ఆ పొర సాగేలా వంచాను. పుటుక్కున విరిగింది. రెండోదాన్ని ఆ వైపు లోపలికి వచ్చేలా, అంటే పొర నొక్కుకునేలా వంచాను. వంగింది గాని విరగలేదు. మూడోదాని మీది తెల్ల పొరను గరుకు కాగితంతో పూర్తిగా అరగదీసి, ఆ వైపు బయటికి వచ్చేలా వంచాను. అదీ విరగలేదు! దోషం లోపలి ప్లాస్టిక్కుది కాదని, పైన ఉన్న పొరదేనని పిల్లలకు కళ్ళారా తెలిసింది. ఈ ప్రయోగాన్ని మీరు ఒంటరిగా చేయకండి. ముక్కలు కంట్లో పడే ప్రమాదం ఉంది.

పగులును ఆపే ఏర్పాటు

గట్టి పూత ఉన్నప్పుడల్లా ఇలాగే జరుగుతుందా? లేదు. మీ నోట్లోనే మంచి ఉదాహరణ ఉంది. పంటి పైన ఉండే ఎనామిల్ పొర, కింద ఉండే డెంటిన్ కంటే సుమారు నాలుగు రెట్లు బిరుసుది, పెళుసుది కూడాను. జీవితమంతా నమలడంతో ఎనామిల్‌లో సన్నని పగుళ్ళు పడతాయి. అయినా పన్ను రెండు ముక్కలు కాదు. రెండు పొరలూ కలిసే చోటా, దాని కింది డెంటిన్‌లోనూ చాలా పగుళ్ళు ఆగిపోతాయి. పూత గట్టిగా అంటుకుని ఉండాలి, దాని కింద పగులును మింగగలిగే పదార్థం ఉండాలి. పంటిలో రెండూ కుదిరాయి.

కాబట్టి పూత మేలు చేస్తుందా కీడు చేస్తుందా అని అడిగితే, అయిదు సంగతులు చూసి చెప్పాలి. పూత మందం ఎంత? కింది పదార్థం కంటే ఎన్ని రెట్లు బిరుసు? పెళుసుదా, సాగేదా? అంటు ఎలా ఉంది? వాడేటప్పుడు అది సాగుతుందా, నొక్కుకుంటుందా? ఈ ప్రశ్నలు వేసుకుంటే గంజి చీర, హెల్మెట్టు, పన్ను, పాత కుర్చీ అన్నీ ఒకే పాఠంలోకి వస్తాయి.

చివరగా ఒక పని చెబుతాను. మీ ఇంట్లో, బడిలో ఎండలో పడి ఉన్న ప్లాస్టిక్ కుర్చీలు, స్టూళ్ళు, బక్కెట్ల పిడులు చూడండి. రంగు పాలిపోయిందా? గోటితో గీరితే తెల్లని పొడి రాలుతోందా? వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే వెంట్రుకల్లాంటి గీతలు కనిపిస్తున్నాయా? అయితే దాని మీద ఎవరినీ కూర్చోనివ్వకండి, ఎక్కి నిలబడనివ్వకండి. ముఖ్యంగా పెద్దవాళ్ళను. మంచివాటిని నీడలోకి మార్చండి. ఆరుబయట ఉండే నీళ్ళ ట్యాంకులు, గొట్టాలు చాలావరకు నల్లగా ఎందుకుంటాయో ఇప్పుడు ఊహించగలరు. వాటిలో కలిపిన మసిలాంటి కార్బన్ పొడి అతినీలలోహిత కిరణాలను పైనే పట్టేసి, ప్లాస్టిక్కును కాపాడుతుంది.

మా ఆయమ్మ చెయ్యి అతుక్కుంది. మా బడి కుర్చీలన్నీ ఇప్పుడు సాయంత్రం గంట కొట్టగానే గదిలోకి వెళ్తాయి. ఆ పని తొమ్మిదో తరగతి పిల్లలు వంతులు వేసుకుని చేస్తున్నారు. వాళ్ళకంటే ముందే నేను చేయవలసిన పని అది.